అటక మీది ఫోర్క్

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఇంటి వెనక గచ్చు మీద కూర్చుని నాన్న రాజ్‌దూత్ మోటార్‌సైకిల్‌కి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ విప్పాను. ఎడమ పైపు పైమూత తీసి ప్లాస్టిక్ టబ్బులోకి వంచేసరికి నల్లటి ఆయిల్ చిక్కగా, తీగలా దిగింది. దాంతో పాటే ఆ వాసన. ఏళ్ల తరబడి ఫోర్క్‌లో నిలవున్న ఆయిల్ వాసన ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎరగనివాళ్లు, మూడు రోజుల చేపల బుట్ట మీద మూత తీసినట్టు అనుకోండి. లోపల్నుంచి అమ్మ "ఏంట్రా ఆ కంపు?" అంది. మెల్లగా గుమ్మం దాకా వచ్చింది, టబ్బులోకి చూసింది. "మేస్త్రీ షెడ్డులో వచ్చేది ఈ వాసన" అని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది.

అమ్మ చెప్పింది నిజం. నాకు ఆ వాసనతో తెనాలి కాలవ గట్టు, నిద్రగన్నేరు చెట్టు కింద రేకుల షెడ్డు, చెట్టు కొమ్మకి గొలుసుతో వేలాడే ఇంజన్, అన్నీ ఒకేసారి వచ్చేశాయి.

*

మా నాన్న పశువైద్య శాఖలో కాంపౌండర్. కొల్లూరు, వేమూరు, అమృతలూరు వైపు ఊళ్లన్నీ రాజ్‌దూత్ మీదే తిరిగేవారు. హ్యాండిల్‌కి ఒక పక్క మందుల సంచి, ఇంకో పక్క టీకా మందు పెట్టిన ఫ్లాస్కు. గాలికుంటు రోజులొస్తే తెల్లవారుజామున వెళ్లిన మనిషి రాత్రి ఎనిమిదికి గానీ వచ్చేవారు కాదు. బండి వీధి మలుపులో ఉండగానే శబ్దం తెలిసిపోయేది. అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

డెల్టాలో నల్లరేగడి మట్టి ఎలా ఉంటుందో అక్కడ బండి తోలినవాళ్లకే తెలుసు. వానాకాలంలో మడ్‌గార్డ్ లోపల మట్టి గట్టిపడి చక్రం తిరగడం ఆగిపోయేది. నాన్న బండి దిగి కందికంపతో పొడిచి పొడిచి మట్టి తీసేవారు. వారానికోసారి బండి మేస్త్రీ షెడ్డుకి వెళ్లాల్సిందే. వేసవి సెలవుల్లో బండితో పాటు నన్నూ అక్కడే దింపేవారు. "వీడు ఇంట్లో ఉంటే గొడవ, కాస్త పని చెప్పు మేస్త్రీ" అని.

మేస్త్రీని నేను మావయ్యా అనేవాణ్ణి. ఖాకీ నిక్కరు, జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. షెడ్డులో పొద్దున పూట ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. రింగ్ స్పానర్ జారినప్పుడు గచ్చు మీద మోగిన చప్పుడు, పక్క సోడా కొట్లో గోలీ లోపలికి పోయిన కుయ్యిమనే చప్పుడు, కాలవలో గేదెలు. మధ్యాహ్నం రేడియోలో విజయవాడ కేంద్రం కార్మికుల కార్యక్రమం మొదలైతే మావయ్య చేతులు కిరోసిన్‌లో కడుక్కుని, తర్వాత సబ్బుపొడితో రుద్దుకుని, క్యారియర్ విప్పేవాడు. చేతులెంత కడిగినా ఆవకాయ ముద్దలో కాస్త కిరోసిన్ వాసన ఉండేది. నాకు పెట్టిన ముద్దల్లో కూడా.

*

ఆ పాత రాజ్‌దూత్ ముందు ఫోర్క్ గురించి కొంచెం చెప్పాలి. ఇప్పటి పిల్లలు అలాంటిది చూసి ఉండరు.

పోలండ్‌లోని కీల్త్సె ఊళ్లో 1961లో మొదలైన ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 అనే బండి ఆధారంగా ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు మన దేశంలో రాజ్‌దూత్ తయారుచేశారు. 173 సీసీ టూస్ట్రోక్, మూడు గేర్లు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. ముందు చక్రానికి ఇప్పటిలా ఒకదాన్లో ఒకటి దూరే పైపులు లేవు. రెండు కడ్డీలు చక్రం వెనక నుంచి చేతులు చాపినట్టు ముందుకు వచ్చి, చివర్లో ఇరుసుని పట్టుకుని ఉంటాయి. గతుకులో పడితే ఆ చేతులు పైకి లేస్తాయి. రెండు పక్కలా ఉన్న పొట్టి షాకప్స్ ఆ దెబ్బ తీసుకుంటాయి. మావయ్య దాన్ని ఉయ్యాల ఫోర్క్ అనేవాడు. దాని అసలు పేరు ఎర్ల్స్ ఫోర్క్ అనీ, ఎర్నీ ఎర్ల్స్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు పేరు మీద వచ్చిందనీ, బీఎండబ్ల్యూ బండ్లకి కూడా 1955 నుంచి 1969 దాకా అదే రకం ఉండేదనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

దానికో గుణం ఉంది. ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుంటే మామూలు బండి ముక్కు దించుతుంది. ఇది ముక్కు పైకెత్తుతుంది. బ్రేక్ పట్టినప్పుడు చక్రంతో పాటు తిరగాలని చూసే బ్రేక్ ప్లేట్‌ని ఆ చెయ్యే ఆపి ఉంచుతుంది, ఆ బలం చేతిని కిందికి తోస్తుంది, ముందు భాగం లేస్తుంది. చిన్నప్పుడు నేను ట్యాంక్ మీద కూర్చునేవాణ్ణి. బస్సు అడ్డొచ్చి నాన్న బ్రేక్ వేస్తే హెడ్‌లైట్ మెల్లగా పైకి లేచేది. ఎద్దు తాడు లాగితే తల ఎత్తినట్టు. నాన్నకి అది మహా ఇష్టం. "చూశావా, తల ఎత్తి ఆగుతుంది" అనేవారు.

ఇక దాని జబ్బు. ఆ చేతులు చక్రం వెనకున్న ఇంకో ఇరుసు మీద ఊగుతాయి కదా, అక్కడ బుష్‌లని చిన్న లోహపు గొట్టాలు ఉంటాయి. మట్టీ నీళ్లూ దూరితే అవి తినేసుకుంటాయి. తినేసుకుంటే చక్రం పక్కలకి ఊగుతుంది. కంపెనీ బుష్‌లు దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. మావయ్య గన్‌మెటల్ అనే ఒక రకం కంచుతో లేత్ మీద రెండుసార్లు కొత్తవి తిప్పించి వేశాడు. డెల్టా మట్టికి రెండూ ఒక్కో వానాకాలమే ఆగాయి.

ఒక రాత్రి కొల్లూరు నుంచి వస్తుంటే కాలవ గట్టు మీద ముందు చక్రం ఊగి, బండి చేతికి దొరక్క, నాన్న పొలంలోకి దిగిపోయారు. ఊడ్చిన మళ్లు కాబట్టి బురదలో పడి బతికారు. ఫ్లాస్కు పగిలింది. ఒళ్లంతా బురదతో ఇంటికొచ్చిన మనిషిని చూసి అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున తనే నడుచుకుంటూ మేస్త్రీ షెడ్డుకి వెళ్లింది. అమ్మ అక్కడికి వెళ్లింది ఆ ఒక్కసారే. ఏం చెప్పిందో నాకు తెలీదు. ఆ సాయంత్రం మావయ్య నాన్నతో, "కాంపౌండర్ గారూ, ఇంక దీనికి బుష్‌లు నేను వెయ్యనండి. ఫోర్క్ మొత్తం మార్చేద్దాం" అన్నాడు.

*

అప్పటికి ఒకదాన్లో ఒకటి దూరే పైపుల టెలిస్కోపిక్ ఫోర్క్‌తో రాజ్‌దూత్‌లు వచ్చి ఉన్నాయి. కొత్త ఫోర్క్ కొనే డబ్బు మాకు లేదు. పాతది వెతకాలి. పాతదంటే బెజవాడ ఆటోనగర్.

తెనాలిలో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కాం, నాన్న, మావయ్య, నేను. కృష్ణ బ్రిడ్జి మీద రైలు మోత, కింద ఇసుక తిన్నెలు, రైలు దిగాక సిటీ బస్సు. ఆటోనగర్‌లో అడుగుపెడితే ఎటు చూసినా లారీల ఎముకలే. ఛాసిస్‌లు, గేర్‌బాక్సులు, కొండల్లా టైర్లు, వెల్డింగ్ మెరుపులు. ఆ లారీల మధ్య బండ్ల సామాను అమ్మే కొట్లు నాలుగైదు. ఒక కొట్టాయన గోనె పట్టా తీసి ఫోర్క్ చూపించాడు. పెయింట్ కొత్తగా మెరుస్తోంది. నాన్న బేరం మొదలెట్టారు.

మావయ్య బేరం ఆపించాడు. ఫోర్క్ విప్పించాడు. పైపుని కొట్లో గల్లాపెట్టె మీదున్న అద్దం మీద పెట్టి, ఒంగి, కన్ను అద్దానికి ఆనించి, వేలితో మెల్లగా దొర్లించాడు. నన్ను పిలిచి, "కిందనుంచి వెలుతురు కనపడతందేమో చూడరా" అన్నాడు. చూశాను. పైపు తిరుగుతుంటే ఒకచోట సన్నటి గీతలాగా వెలుతురు వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. వంగిన పైపు. గుద్దుకున్న బండిది. కొట్టాయనకి కోపం వచ్చింది. "పాత సామానుకి ఇన్ని పరీక్షలేంటి?" అన్నాడు. మావయ్య మాట తిరిగి అనలేదు. పైపులు తుడిచి, విప్పింది విప్పినట్టే మళ్లీ బిగించి ఇచ్చి బయటికొచ్చాడు.

అలా మూడు కొట్లు. నాలుగోచోట దొరికింది. పెయింట్ లేచిపోయి తుప్పు మరకలతో ఉంది. అద్దం మీద రెండు పైపులూ నీళ్ల మీద జారినట్టు దొర్లాయి. తిరుగు రైల్లో దాన్ని నాన్న ఒళ్లో పెట్టుకున్నారు, చంటిపిల్లను పెట్టుకున్నట్టు. నేను పులిహోర పొట్లం తిని నిద్రపోయాను.

*

ఒకే కంపెనీ బండ్లు కదా, పాతది తీసి కొత్తది తగిలించడమే అనుకున్నారు నాన్న. మావయ్యకి నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజు ఏమీ విప్పలేదు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, చుట్టూ తిరిగి కొలిచాడు. చక్రం ఇరుసు నుంచి హ్యాండిల్ కింది కప్పు దాకా ఎంత, నేల నుంచి ఫుట్‌రెస్ట్ ఎంత, దారానికి నట్టు కట్టి హ్యాండిల్ మధ్య నుంచి వేలాడదీస్తే అది నేల మీద ఎక్కడ ఆగింది, చక్రం నేలని తాకే చోటుకి అది ఎంత దూరం. సుద్దముక్కతో గచ్చు మీద గీతలు. నాకు పాత క్యాలెండర్ కాగితం ఇచ్చి, వెనకవైపు రాయమన్నాడు. "ముందు కిందికి దిగిందనుకో, హ్యాండిల్ మరీ చురుగ్గా అయిపోద్ది, గట్టు మీద కాంపౌండర్ గారికి ప్రాణం మీదికొస్తది. పైకి లేచిందనుకో, మలుపులో బండి తిరగదు. పాత ఎత్తు ఎంతో మనకాడ రాసుండాలి."

రెండో రోజు విప్పాడు. మేం తెచ్చిన ఫోర్క్‌ని అంతకుముందు ఎవరో ఒకసారి మార్చారు. స్టెమ్, అంటే ఫోర్క్‌ని బండికి కలిపే నిలువు కడ్డీ, పాతదాని కంటే ఒక నూలు పొడుగుంది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఒక నూలే. అలాగే బిగిస్తే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరగడానికి బాల్స్ కూర్చే కప్పులు, ఎంత బిగించినా వదులే. మావయ్య ఆ నూలు మందానికి వాషర్ తిప్పించుకు రావడానికి నన్ను లేత్ షాపుకి పంపించాడు. సైకిల్ మీద రెండుసార్లు తిరిగాను. మొదటిసారి వాళ్లు కొంచెం పలచగా తిప్పారు. వాషర్‌ని వేళ్ల మధ్య పట్టుకునే చెప్పేశాడు, పలచన అని. వర్నియర్ పెట్టి చూస్తే అంతే.

బాల్స్ కూర్చడం నా పని. కప్పులో గ్రీజు నిండా పూసి, చూపుడువేలితో ఒక్కో బాల్ అందులోకి అద్దాలి. గ్రీజులోకి దిగేటప్పుడు వేలికి మెత్తటి దెబ్బ తెలుస్తుంది. చుట్టూ తిరిగొచ్చి ఖాళీ లేకుండా నింపాను. నిండిపోయిందని సంబరంగా చూపించాను. మావయ్య స్క్రూడ్రైవర్ మొనతో ఒక బాల్ బయటికి తీసేశాడు. "కదలడానికి చోటు ఉండాలిరా. నిండుగా పెడితే ఒకదాన్నొకటి నలుపుకుంటాయ్" అన్నాడు. ఆ తీసిన బాల్ నా చేతిలోంచి జారి ఇసుకలో పడింది. అది బండికి అక్కర్లేనిదే అయినా మావయ్య వదల్లేదు, పాత స్పీకర్ అయస్కాంతం తెచ్చి ఇసుకంతా గీసి వెతికించాడు. షెడ్డులో ఒక బాల్ లెక్క తప్పితే అది ఏ బండిలో దూరి ఉందో అన్న అనుమానం పోదట.

తర్వాత ఫోర్క్‌లో ఆయిల్. రెండు కాళ్లలోనూ ఒకే కొలత పడాలి. తేడా పడితే రెండు కాళ్లూ ఒకేలా పనిచెయ్యవు. కొలపాత్ర ఏదని వెతుకుతుంటే నాన్న తన సంచిలోంచి గేదెలకి ఇంజెక్షన్ చేసే పెద్ద గాజు సిరంజి తీసిచ్చారు. సూది తీసేసి, అందులోకి ఆయిల్ లాగి, గీతల లెక్కన ఎడమ కాలికిన్ని సార్లు, కుడి కాలికిన్ని సార్లు. నాన్న పైకి లెక్కపెడుతున్నారు, మావయ్య పోస్తున్నాడు. సిరంజిని వేడినీళ్లలో ఎన్నిసార్లు కడిగినా ఆయిల్ జిడ్డు పోలేదు. నాన్న ఇంకోటి తెప్పించుకున్నారు. ఆ పాత సిరంజి ఇప్పటికీ నా దగ్గరుంది.

హెడ్‌లైట్ చెవులు, మడ్‌గార్డ్ కడ్డీలు, కేబుళ్లు ఇవన్నీ మూడో రోజు, నాలుగో రోజు తీరిగ్గా. చివర్న బండి ముందు భాగం లేపి, హ్యాండిల్‌ని మధ్యలో నిలబెట్టి వదిలాడు. అది దానంతటది మెల్లగా ఎడమకి వాలిపోయింది. మళ్లీ నిలబెట్టి వదిలాడు. కుడికి వాలింది. "ఇదీ లెక్క" అన్నాడు. మధ్యలో పట్టేసినట్టు ఆగితే కోన్ ఎక్కువ బిగిసినట్టు. తర్వాత చక్రం దించి, ముందు బ్రేక్ పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపాడు. టక్కుమనే చప్పుడు రాలేదు. అప్పుడు నాన్న చేతికి బండి ఇచ్చాడు.

*

నాన్న గట్టు మీద ఒక మైలు వెళ్లి వచ్చారు. చక్రం ఊగడం లేదు, గతుకులు తెలియడం లేదు. మావయ్యకి డబ్బులిచ్చి, బండి ఎక్కబోతూ ఆగి, "మేస్త్రీ, ఇది తల దించేస్తోంది" అన్నారు.

"టెలిస్కోపిక్ అంతేనండి. అలవాటైపోద్ది."

నాన్నకి అలవాటు కాలేదు. ఆ తర్వాత ఆయన ఆ బండి చాలా ఏళ్లు తోలారు, ఒక్కసారి కూడా పడలేదు. కానీ బ్రేక్ వేసినప్పుడల్లా ఒళ్లు వెనక్కి వాల్చి, మోచేతులు బిగబట్టేవారు. వెనక కూర్చున్న నాకు ఆ వాలడం ఛాతీకి తగిలి తెలిసేది. పాత ఫోర్క్ ఉన్నప్పుడు ఆయన వీపు కదిలేది కాదు.

పాత ఫోర్క్‌ని పాత ఇనుము వాడికి వేసేద్దామన్నారు నాన్న. మావయ్య ఒప్పుకోలేదు. కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పూసి, గోనె పట్టాలో చుట్టి, షెడ్డు అటక మీద పెట్టాడు. "బండితో పుట్టిందండి. ఉండనీండి" అన్నాడు.

తర్వాత నాన్నకి రేపల్లె బదిలీ అయింది. మా కాపురం అక్కడికి మారింది. షెడ్డుకి వెళ్లడం పండక్కో పబ్బానికో అన్నట్టైంది.

*

నేను ఇంటర్ సెలవుల్లో వెళ్లేటప్పటికి షెడ్డులో బండ్లు మారిపోయాయి. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100లే ఎక్కువ. ఆ తర్వాత 1996లో అవి రావడం ఆగిపోయాక, ఉన్నవాటిని కుర్రాళ్లు ప్రాణంగా చూసుకునేవారు. ముందు డ్రమ్ బ్రేక్ చాలదని కొత్త బండ్ల డిస్క్ ఫోర్క్‌లు పట్టుకొచ్చి వెయ్యమనేవారు. బుల్లెట్‌లకీ అదే కోరిక. బుల్లెట్‌తో ఇంకో చిక్కు, హెడ్‌లైట్, స్పీడోమీటర్, పులికళ్ల లైట్లు అన్నీ ఒకే పెద్ద కేసింగ్‌లో ఉంటాయి, ఫోర్క్ పైపుల్ని పైన పట్టుకునేది కూడా ఆ కేసింగే. ఫోర్క్ మారిస్తే బండి ముఖమే మారుతుంది. "ముఖం తీసేస్తే అది బుల్లెట్ ఎట్టయిద్దిరా?" అని చాలామందిని మావయ్య వెనక్కి పంపేవాడు.

ఒక పనికి మాత్రం ఎంత డబ్బిచ్చినా ఒప్పుకునేవాడు కాదు. స్టెమ్ కోసి వెల్డింగ్ చెయ్యడం. స్టెమ్ పొట్టయితే కొత్తది తిప్పించుకోవాలి, లేదా మానుకోవాలి. షెడ్డు స్తంభానికి మేకుకి ఒక విరిగిన స్టెమ్ వేలాడుతుండేది. వెల్డింగ్ పక్కనే తెగి ఉంది, తెగినచోట ఇనుము పంచదార పలుకుల్లా మెరుస్తూ. అది ఏ బండిదో ఎప్పుడూ చెప్పలేదు. వాదించే కుర్రాడి చేతిలో దాన్ని పెట్టి, తను వేరే పని చూసుకునేవాడు. కాసేపటికి ఆ కుర్రాడు దాన్ని మళ్లీ మేకుకి తగిలించేవాడు.

*

నాన్న పోయి చాలా ఏళ్లయింది. రాజ్‌దూత్ నాతోనే హైదరాబాద్ వచ్చింది.

ఈ సంక్రాంతి తర్వాత మేస్త్రీ వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, నాన్న పోయాడు" అన్నాడు. పెద్దకర్మకి వెళ్లాను. నిద్రగన్నేరు చెట్టు ఉంది, సోడా కొట్టు లేదు. భోజనాలయ్యాక నన్ను షెడ్డుకి తీసుకెళ్లాడు. ఖాళీ చేస్తున్నారట. "మీ సామాను ఒకటి ఉందన్నా" అని నిచ్చెనేసి అటకెక్కాడు.

గోనె పట్టా చివికిపోయింది. లోపల ఫోర్క్ మీద గ్రీజు గట్టిపడి మైనంలా ఉంది, దాని కింద ఇనుము ఎక్కడా తుప్పు పట్టలేదు. ఫోర్క్ చేతికి తీగతో ఒక పౌడరు డబ్బా కట్టి ఉంది. మూత తీస్తే నూనెగుడ్డలో చుట్టిన గన్‌మెటల్ బుష్‌లు, ఒక జత. వాడినవి కావు. లోపలి గోడలో మరలాగా తిరిగిన గ్రీజు గాడి, పక్కన గ్రీజు నిపిల్‌కి మర కోసిన బెజ్జం. గన్‌తో గ్రీజు కొడితే లోపలున్న మట్టిని బయటికి తోసేస్తుంది. ఆ రెండు జతలు ఎందుకు ఆగలేదో మావయ్య ఆలోచించి ఆలోచించి మూడో జత చేశాడన్నమాట.

"కాంపౌండర్ గారు వస్తే వెయ్యాలని చేసి పెట్టాడన్నా. మీరు రేపల్లె వెళ్లిపోయాక" అన్నాడు వాళ్లబ్బాయి.

నేను ఆ బుష్‌ని వేలికి తొడుక్కుని తిప్పుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

*

అందుకే ఆ ఆదివారం ఆ పని పెట్టుకున్నాను. టెలిస్కోపిక్ తీసి, కడిగి, కొత్త ఆయిల్ సీళ్లు వేసి, గ్రీజు పూసి, గుడ్డలో చుట్టాను. మా అటక మీదికి చేరింది. ఆ నూలు వాషర్ కూడా దానితోనే.

పాతదాన్ని ఎక్కించడానికి మూడు ఆదివారాలు పట్టింది. బుష్‌లు ఇరుసు మీద వేలితో తోస్తే దిగాయి, ఎక్కడా వదులు లేదు. పొట్టి షాకప్స్‌లో ఆయిల్ ఎండిపోతే బాగుచేయించాను. బాల్స్ నింపి, ఒకటి తీసేశాను. హ్యాండిల్ నిలబెట్టి వదిలితే ఎడమకి వాలింది, కుడికి వాలింది. గ్రీజు గన్ పెట్టి కొడితే రెండు అంచుల నుంచీ కొత్త గ్రీజు పసుపురంగులో సన్నగా బయటికొచ్చింది.

నిన్న సాయంత్రం పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసి, నాలుగో కిక్‌కి స్టార్ట్ చేశాను. అమ్మ గేటు దగ్గర నిలబడింది. మా కాలనీ చివర్న వాహనాలు తక్కువ తిరిగే రోడ్డుంది. రెండో గేర్‌లో వెళ్లి, ముందు బ్రేక్ గట్టిగా పట్టాను. హెడ్‌లైట్ మెల్లగా పైకి లేచింది. బండి ఆగింది, నా వీపు కదల్లేదు.

వెనక్కి తిప్పుకుని వెళ్లి, అమ్మ ఎదురుగా మళ్లీ బ్రేక్ పట్టాను.